హుగ్లీ ఒడ్డున గన్నేరు

హౌరా నగరంలో, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న షాలిమార్ పేరు తెలుగువారికి రైళ్ల వల్ల పరిచయం. చెన్నైకి పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, హైదరాబాదుకు పోయే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు అక్కడే బయలుదేరి, ఖరగ్‌పూర్ మీదుగా ఒడిశా దాటి ఉత్తరాంధ్రలోకి వస్తాయి. ఈ దారి పొడవునా బెంగాల్‌లోనూ తెలుగు నేలమీదా గుడి ఆవరణల్లో, ఇళ్ల ముంగిళ్లలో, రోడ్ల నడుమ ఏడాదంతా ఆకు రాల్చకుండా పూసే పొద ఒకటుంది. తెలుగులో దానిని గన్నేరు అనీ, బెంగాలీలో కరబి అనీ, సంస్కృతంలో కరవీరం అనీ అంటారు, వృక్షశాస్త్రజ్ఞులు నెరియం ఒలియాండర్ అని పేరు పెట్టారు. నీటికరువును ఓర్చుకుంటుందన్న కీర్తి వల్ల ఈ మొక్కకు పెంపకం అక్కరలేదన్న భావన స్థిరపడిపోయింది. అది సరికాదు. అనంతపురం ఎర్రనేలలో గన్నేరుకు చేయవలసిన సేవ ఒకటి, షాలిమార్ ఒండ్రుమట్టిలో చేయవలసినది దాదాపు దానికి విరుద్ధమైనది. ఈ తేడా తెలిసి పెంచడమే అసలైన నేర్పు.

గన్నేరు సహజంగా మధ్యధరా సముద్ర ప్రాంతం నుంచి భారతదేశం దాకా ఎండిన వాగుల గట్లలో పెరిగే మొక్క. అలాంటి చోట వానాకాలంలో వరద వస్తుంది, వేసవిలో పైమట్టి పూర్తిగా ఎండిపోతుంది, అడుగున మాత్రం తడి మిగులుతుంది. ఈ జీవితానికి తగినట్టే దాని శరీరం ఏర్పడింది. ఆకు దళసరిగా, తోలులా ఉండి పైన మైనపు పొర కప్పుకొని ఉంటుంది. గాలి పీల్చి నీటి ఆవిరిని వదిలే సూక్ష్మమైన పత్రరంధ్రాలు ఆకు అడుగువైపున చిన్న చిన్న గుంటలలో దాగి ఉండగా, ఆ గుంటల నిండా ఉన్న సన్నని నూగు వేడిగాలి నేరుగా తగలకుండా అడ్డుపడి లోపలి తేమను నిలుపుతుంది. అందువల్లనే మిగతా మొక్కలు తలవాల్చే రోహిణీకార్తెలోనూ గన్నేరు నిటారుగా నిలిచి పూస్తుంది. అయితే ఈ ఓర్పంతా వేళ్లు లోతుకు దిగిన తరువాత వచ్చేదే గాని, నాటిననాడే ఉండేది కాదని గుర్తించాలి.

షాలిమార్ పరిసరాలలో మొక్కల గురించి మాట్లాడేటప్పుడు శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానాన్ని తలవకుండా ఉండలేము. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఆ తోట నేడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు మీద ఉంది. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు సుమారు పన్నెండేళ్లు గోదావరి జిల్లాలోని సామర్లకోటలో ఉండి, తెలుగు నేలమీది మొక్కలను భారతీయ చిత్రకారుల చేత గీయించి, వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టును ఆయన గన్నేరు ప్రజాతిలోనే చేర్చి, దాని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చునని వివరించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని వేరే ప్రజాతిగా విడదీశారు గాని, రెండూ ఒకే కుటుంబానివన్నది నేటికీ నిలిచిన విషయం. సామర్లకోటలో మొదలైన ఆ పరిశీలన హుగ్లీ ఒడ్డున పెద్ద గ్రంథంగా పండిందంటే, ఈ రెండు ప్రాంతాల మధ్య మొక్కల బంధుత్వం రైళ్ల కంటే పాతదని ఒప్పుకోవాలి.

పెంపకంలో మొదటి మెట్టు కొమ్మ ముక్క ఎంపిక. మరీ లేత కొన కుళ్లిపోతుంది, బూడిదరంగుకు తిరిగిన ముదురు కొమ్మ ఆలస్యంగా వేరు వేస్తుంది. పచ్చదనం పోకుండా గట్టిపడిన, పెన్సిలంత లావున్న కొమ్మను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున కణుపు కిందుగా కోసి, అడుగు సగం ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో నాటితే కొద్ది వారాలలో వేళ్లు వస్తాయి. గాజు సీసాలో నీళ్లు పోసి అందులో ఉంచినా వేళ్లు వస్తాయి గాని, నీటిలో పుట్టిన వేళ్లు పెళుసుగా ఉంటాయి కనుక మట్టిలోకి మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం. తెలుగునాట ఈ పనికి ఆషాఢ శ్రావణాలు అనుకూలం. షాలిమార్‌లో మాత్రం ఎడతెరిపి లేని వానలకు ముక్కలు కుళ్లే ప్రమాదం ఉన్నందున, చలి తగ్గి వేడి మొదలయ్యే ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

రాయలసీమ, తెలంగాణ మెట్టభూములలో సుమారు అరమీటరు లోతు, వెడల్పు గల గుంత తీసి, చివికిన పశువుల ఎరువు మట్టితో కలిపి నింపి, పాదు నేలమట్టానికి కాస్త పల్లంగా చేస్తారు. పడిన ప్రతి చినుకూ అందులో నిలవాలన్నది ఉద్దేశం. మొదటి ఏడాది రోజూ చెంబెడు నీళ్లు చల్లడం కంటే, వారానికి ఒకటి రెండు సార్లు పాదు నిండా పోయడం మంచిది, ఎందుకంటే పైపై తడికి అలవాటు పడిన వేళ్లు పైనే పాకి వేసవిలో మాడిపోతాయి, లోతుగా దిగిన తడిని వెతుక్కుంటూ పోయిన వేళ్లు మరుసటి ఏడు తమ తిండి తామే చూసుకుంటాయి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో గన్నేరు బతుకు ఈ మొదటి ఏడాది శిక్షణ మీదనే ఆధారపడి ఉంటుంది.

హుగ్లీ దిగువ తీరంలో అంతకు సుమారు మూడు రెట్లు వాన పడుతుంది, పల్లపు నేలల్లో రోజుల తరబడి నీరు నిలుస్తుంది, నది తెచ్చిన మెత్తని ఒండ్రు గాలి చొరనివ్వనంత బిగుసుగా ఉంటుంది. వరద ప్రవాహాన్ని తట్టుకునే గన్నేరు కూడా కదలని నీటిలో ఎక్కువ కాలం ఉంటే వేరుకుళ్లు తగిలి, ఆకులు పసుపుబారి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. అందుచేత ఇక్కడ పాదు తీయకూడదు, మెరక కట్టాలి: మూరెడు ఎత్తున మట్టిదిబ్బ పోసి, అందులో ఇటుక ముక్కలూ ముతక ఇసుకా కలిపి, దాని మీద మొక్కను నిలిపి, చుట్టూ నీరు పోయే కాలువ తీయాలి. కుండీలో పెంచేవారు అడుగు రంధ్రాల మీద పెంకులు పరచి, వానాకాలంలో కుండీని ఇటుకల మీదికి ఎక్కించాలి. కొమ్మలు గుబురుగా మూసుకుపోతే తేమ గాలికి తెగుళ్లు చేరతాయి కనుక నడిమి కొమ్మలు పలచన చేయడం కూడా ఇక్కడ తప్పనిసరి.

కత్తిరింపు ఈ మొక్క పెంపకంలో అన్నిటికంటే ముఖ్యమైన విద్య, అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. గన్నేరు పూలు కొత్త చిగురు కొసలనే వస్తాయి. కోయకుండా వదిలేసిన పొద ఏటేటా పొడుగ్గా పెరిగి, కింద బోసి కాళ్లతో, అందనంత ఎత్తున నాలుగు పూలు పూస్తుంది. ఆకులు ఒక్కొక్క కణుపు దగ్గర సాధారణంగా మూడేసి చొప్పున ఉంటాయి, ఆ కణుపుకు కాస్త పైన కోస్తే ప్రతి ఆకు మొదటా ఒక మొగ్గ మేలుకొని ఒక కొమ్మకు బదులు మూడు కొమ్మలు రాగలవు. పూత పలచబడే చలికాలం చివర మూడో వంతు వరకు కోసి, గుప్పెడు ఎరువు వేస్తే వేసవికి పొద నిండా పూస్తుంది. మొదలు చుట్టూ పుట్టే పిలకలు బలాన్ని లాగేస్తాయి కనుక వాటిని చేత్తో పీకాలి. యూరియా వంటి నత్రజని ఎరువు అతిగా వేస్తే ఆకే గాని పువ్వు రాదు, ఆరు గంటలకు తక్కువ ఎండ తగిలే చోటా అంతే.

లేత చిగుళ్ల మీద గుంపులుగా చేరే పసుపుపచ్చని పేనుబంకను నీళ్ల ధారతో కడిగి, ఆపైన లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లితే అదుపులోకి వస్తుంది. నీలికన్నుల వంటి మచ్చలున్న పెద్ద ఆకుపచ్చ గొంగళిని చూసి భయపడనవసరం లేదు. అది గన్నేరు మీద పెరిగే ఒక అందమైన మాత్ పురుగు పిల్ల, ఒకటి రెండు ఉంటే వదిలేయడమే ధర్మం.

ఈ పొదకు తెలుగు ఇళ్లలో ఉన్న స్థానం పూలకే పరిమితం కాదు. వినాయక చవితి నాటి ఏకవింశతి పత్రపూజలో, అంటే 21 రకాల ఆకులతో చేసే పూజలో, కరవీర పత్రం ఒకటి. బెంగాల్‌లో దీనికి సాహిత్య గౌరవం కూడా దక్కింది: రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన ‘రక్తకరబి’ నాటకంలో బంగారు గనుల చీకటి నగరానికి ఎదురు నిలిచే నందిని అలంకారం ఎర్రగన్నేరు పూలే. జపాన్‌లోని హిరోషిమా తన నగర పుష్పంగా దీనినే ఎన్నుకుంది. నేటి జాతీయ రహదారుల నడుమ వరుసగా నాటేది కూడా దీనినే. ఎదుటి వాహనాల వెలుగు కళ్లలో పడకుండా దట్టంగా పెరుగుతుంది, పొగకూ దుమ్ముకూ తట్టుకుంటుంది, పశువులు ముట్టవు.

పశువులు ముట్టకపోవడానికి కారణం విషం. గన్నేరులో వేరు నుంచి పువ్వు దాకా ఒలియాండ్రిన్ వంటి, గుండె లయను దెబ్బతీసే పదార్థాలున్నాయి. ఆకు ఎండినా, కొమ్మ కాలినా ఆ గుణం పోదు. పచ్చగన్నేరు అనేది అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే మొక్క, దాని గింజలు కూడా అంతే ప్రమాదకరం. కేరళలో తిరువాంకూర్ దేవస్వం బోర్డు 2024 మేలో నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ గన్నేరు పూల వాడకాన్ని ఆపేసింది, ఆ నిర్ణయం అన్ని చోట్లా అనుసరించదగినది. పూజకు మానక్కరలేదు, తినే వస్తువుల దరికి మాత్రం రానివ్వకూడదు. కోసిన కొమ్మలను గడ్డివాము దగ్గర వేయకూడదు, మంట పెట్టకూడదు, గోతిలో పూడ్చాలి. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలెవరైనా నోట పెట్టుకున్నారని అనుమానం వస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొక్కలమ్మే నర్సరీల వారు గన్నేరు కుండీతోపాటు ఈ నాలుగు మాటలూ కొనేవారికి చెప్పి పంపాలి.