ఇసుక దీవి, పాత దారి

కాకినాడ తీరానికి ఎదురుగా ఉత్తర దిక్కుకు చాచుకున్న ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు, వయసు దాదాపు 200 ఏళ్లు. గోదావరి గౌతమి పాయ సముద్రంలో పోసిన ఇసుకను నైరుతి గాలుల కాలపు అలలు ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెట్టడంతో ఇది పెరిగింది. గుప్పెడు ఇసుక అరచేతిలో పరిస్తే పలుగురాతి రవ్వల నడుమ నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఆ గార్నెట్ చాలావరకు తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చిందే.

ఈ దిబ్బ అలల తాకిడిని కాచి కాకినాడ రేవుకు అండగా నిలిచింది. దాని చాటున పేరుకున్న బురదలో కోరింగ మడ అడవులు పెరిగాయి. అయితే ఉత్తరానికి సాగాల్సిన ఇసుక ఇక్కడే ఆగిపోవడం ఉప్పాడ తీరం కోతకు ఒక కారణమని పరిశోధకుల మాట.

ఇలాంటి సంగతులు అక్కడికక్కడే వివరించి చూపడమే జియోటూరిజం. 2010లో జియోపార్కుగా గుర్తింపు పొందిన కొరియాలోని జెజు దీవిలో లావా గుహలు తమంతట తామే కంటికి ఆనుతాయి. గోదావరి డెల్టాలో ఆ సదుపాయం లేదు. మండపేట చుట్టూ కనిపించేవి వరి చేలు, కొబ్బరి తోటలే. కానీ భూగర్భ శాస్త్రంలో ఆ ఊరి పేరు స్థిరపడింది: 20 కోట్ల ఏళ్లకు పైబడిన, సహజవాయువు దొరికే ఇసుకరాతి పొరను ‘మండపేట శాండ్‌స్టోన్’ అంటారు. రాజమండ్రి పక్కన కాతేరులో సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా నల్లరాయిగా బయటపడింది. రెండు లావా పొరల మధ్య సున్నపురాతిలో నత్తగుల్లల శిలాజాలున్నాయి. వీటితో పోలిస్తే డెల్టా పైమట్టి వేల ఏళ్లది, హోప్ ఐలాండ్ నిన్నటిది. కాతేరు నుంచి మండపేట మీదుగా కాకినాడ చేరే ఒక్కరోజు ప్రయాణంలో ఈ వయసులన్నీ చెప్పుకోవచ్చు.

గోదావరి జిల్లాలకు ఇలాంటి యాత్ర కొత్త కాదు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగి స్నానంతో మొదలై అంతర్వేదిలో ముగిసే సప్తసాగర యాత్ర నది పాయలు కడలిలో కలిసే చోట్లనే కలుపుతూ సాగుతుంది. ఆ రేవుల్లో పాయ ఎటు జరిగిందో, ఒడ్డు ఎంత పెరిగిందో తెలుగులో రాసిన బోర్డులు, చెప్పగలిగే పడవవాళ్లు ఉంటే పాఠం సగం పూర్తయినట్టే.

హోప్ ఐలాండ్ ఇసుక కదులుతూనే ఉంటుంది కనుక శాశ్వత కట్టడాలు అక్కడ పనికిరావు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రి దీపాలు, జన సంచారం ఉండకూడదు. పగటి పడవ ప్రయాణం, తక్కువమంది సందర్శకులు, చెప్పే మనిషి ఒకరు: ఈ దీవికి ఇంతే సరిపోతుంది.