కడగంటికి చిక్కే గీత

సర్పిల గెలాక్సీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎం51 లాంటి బొమ్మ. చుట్లన్నీ విప్పి, చేతులు చాచి, ఎదురుగా నిలబడి ఉంటుంది. బ్రహ్మాండంగానే ఉంటుంది గానీ, నాకెందుకో మరీ వాచ్యంగా తోస్తుంది. కోమా బెరెనిసెస్ నక్షత్రమండలంలోని ఎన్‌జీసీ 4565 తీరు వేరు. లక్ష కాంతి సంవత్సరాలకు పైగా పరుచుకున్న ఆ గెలాక్సీ మనకు చూపించేది అంచు ఒక్కటే. 1785 ఏప్రిల్‌లో విలియం హెర్షెల్ కంటబడింది. ముద్దుపేరు సూది గెలాక్సీ.

ఏప్రిల్ నడుమ, చంద్రుడు లేని రాత్రి, పదకొండు దాటాక ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి తలెత్తితే, నడినెత్తికి కాస్త ఉత్తరంగా మసక చుక్కల గుంపు కనిపిస్తుంది. అందులోని 17 కోమే అనే చుక్క దగ్గర్నుంచి టెలిస్కోపును కొంచెం తూర్పుకు జరపాలి. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ చాలు. మొదట ఏమీ ఉండదు. ఉన్నట్టనిపించి, సూటిగా చూస్తే మాయమవుతుంది. రెటీనా నడిమధ్యలో మసక వెలుగును పట్టే కణాలు ఉండవు, అవి దాని చుట్టూ ఉంటాయి. అంచేత చూపు పక్కకు వాల్చి కంటికొసతో అందుకోవాలి. నాయికల కడగంటి చూపులను మన కావ్యాలు ఎంతగానో వర్ణించాయి. ఇక్కడ ఆ చూపు నేర్వాల్సింది ప్రేక్షకుడే.

అప్పుడు తేలుతుంది గీత. రంగు లేదు, బూడిద తెలుపు. నడుమ చిన్న ఉబ్బు, అటూ ఇటూ సన్నగిల్లుతూ పోయే కొసలు. ఎక్కడ ముగిసిందో చెప్పలేం. కళ్ళు చీకటికి అలవాటయ్యే కొద్దీ అది పొడుగవుతూనే ఉంటుంది. ఫొటోల్లో కొలిస్తే పున్నమి చంద్రుడి వెడల్పులో సగం దాకా వస్తుంది.

ఇంకా పెద్ద అద్దం, మంచి ఆకాశం దొరికితే గీత పొడవునా నల్లటి చార కనిపిస్తుంది. ముసలి నక్షత్రాలు వదిలిన కర్బనం, సిలికేట్ల నలుసులు వెనక వెలుగుకు అడ్డుపడగా ఏర్పడిన చార అది. ఉబ్బును సరిగ్గా నడిమికి కోయకుండా రవ్వంత పక్కగా పోతుంది. ఆ రవ్వంత మీదే నా చూపు ఎప్పుడూ నిలిచిపోతుంది. గెలాక్సీ పూర్తిగా అంచు మీద లేదనీ, మూడు నాలుగు డిగ్రీలు వాలిందనీ మనకు చెప్పేది ఆ తేడాయే. చార సరిగ్గా నడిమధ్యన ఉండి ఉంటే బొమ్మ చక్కగా కుదిరేదేమో, లోతు మాత్రం పోయేది.

ఆలంకారికులు ధ్వని, అంటే మాటల్లో చెప్పకుండానే స్ఫురించే వ్యంగ్యార్థం, అన్నది ఇలాంటిదాన్నే. చేతులు కనిపించవు, ఉన్నాయని తెలుస్తుంది. నడిమి ఉబ్బు గుండ్రంగా కాక పలకలుదేరి, వేరుశనగకాయ తీరున ఉంటుంది. గెలాక్సీ గుండెలో పొడవాటి నక్షత్రాల దండం ఉంటే, అందులో తిరిగే నక్షత్రాలు తలానికి పైకీ కిందికీ ఊగి ఉబ్బుకు అలాంటి ఆకారం ఇస్తాయి. మనకు కనిపించని దండాన్ని ఆ ఆకారమే పట్టిస్తుంది. 2010లో ఖగోళ శాస్త్రవేత్తలు కార్మెండీ, బారెంటైన్ కలిసి స్పిట్జర్, హబుల్ టెలిస్కోపుల పరారుణ చిత్రాలతో ధూళి తెర దాటి చూస్తే, ఆ ఉబ్బు లోపల చదునైన మరో చిన్న ఉబ్బు బయటపడింది. వ్యంగ్యంలో మరో వ్యంగ్యమన్నమాట.

ఈ అందానికి మన చోటు కూడా ఒక కారణం. పాలపుంత ఉత్తర ధ్రువం ఉన్నది కోమా బెరెనిసెస్‌లోనే. అటు చూడటమంటే మన గెలాక్సీ తలంలోంచి నిట్టనిలువుగా బయటికి చూడటం. అడ్డొచ్చే ధూళి తక్కువ. ఆ వేళ పాలవెల్లి ఆకాశం మీద ఉండదు, చుట్టూ దిగంతాన్ని అంటి పడుకుంటుంది. సూది గెలాక్సీలో చూసేవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకు మనం అంచుగా కాదు, ఎదురుగా కనిపిస్తాం. పాలపుంతకు దండం ఉందా లేదా అని లోపల కూర్చుని మనం 1990ల దాకా తర్కించుకున్నాం. ఆ సంగతి వాళ్ళకు ఒక్క ఫొటోతో తేలిపోతుంది.