కాశీమజిలీలలో అసలు యాత్రికుడు

సాహసవీరుని అన్వేషణను జీవుని ఆధ్యాత్మికయాత్రగా వ్యాఖ్యానించుట పరిపాటి. అట్టి వ్యాఖ్యలో రాజకుమారి ముక్తికి, మాంత్రికుడు మాయకు సంకేతములగుదురు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలకు ఈ కొలత సరిపడదు. ఆ వీరులు కోరునది రాజ్యమును, ప్రియురాలిని, పొందునవియు అవియే. ఆ కథల ప్రేరణతో వెలువడిన 'పాతాళభైరవి' చిత్రమున (1951) తోటరాముడు అమ్మవారి ఎదుట నిలుచునది మోక్షకాంక్షతో కాదు, ఇందుమతిని పెండ్లాడుటకు వలసిన సంపద కొరకు. ఈ లౌకికేచ్ఛను దాచకుండుటయే ఆ కథలకు ప్రాణము. దానిని ప్రతీకగా పలుచన చేసినచో మిగులునది నీతిపాఠమే.

అయినను ఈ గ్రంథమున ఆధ్యాత్మికయాత్ర లేకపోలేదు. అది కథలలో గాక, వాటిని కూర్చిన చట్రములో కలదు. కాశికి పోవు మణిసిద్ధునికి తోడువచ్చిన గొల్లపిల్లవాడు పుణ్యమునకై బయలుదేరలేదు. మజిలీకొక కథ చెప్పవలెనన్నది అతని నియమము. వింత కనబడినచోట అతడు అడుగును; సిద్ధుడు మణి మహిమచే తెలిసికొని చెప్పును. కథపై ఆశయే ఆ బాలుని కాశివైపు నడిపించును. కథలో కథ పెరిగి ఈ చట్రము పలుమార్లు మరుగుపడుట నిజమే. కాని కోరికను చంపక దానినే దారిబత్తెముగా మార్చిన ఈ యుక్తియే పన్నెండు సంపుటములను నిలిపినది. వీరుని విజయమునకు మురియు పాఠకుడు, తనకు తెలియకయే, ఆ బాలుని వెంట నడచుచుండును.