రంగు ఒకటే, వంశం వేరు

క్రోమోడోరిడిడే కుటుంబానికి చెందిన సముద్రపు నత్తను ఒక్కసారి ఫొటోలో చూసినా మరిచిపోలేం. గుల్ల ఉండదు. తల మీద రెండు చిన్న కొమ్ములు, వీపు చివర గుత్తిగా విచ్చుకున్న మొప్పలు, నీలం ఒంటి మీద నల్ల చారలు, అంచున నారింజ. ఇంత స్పష్టమైన రంగు ఉన్నాక గుర్తుపట్టడానికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కంతా ఆ రంగుతోనే.

1891లో ఈ కుటుంబానికి పేరు పెట్టిన రూడాల్ఫ్ బెర్గ్ కోపెన్‌హాగన్‌లో వైద్యుడు. ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన నత్తల్ని కోసి, లోపలి అవయవాలు, నోట్లోని పళ్లు చూసి వర్ణించాడు. స్పిరిట్‌లో వేసిన నత్తకు రంగు నిలవదు మరి, పాలిపోతుంది. పళ్లు చూడటం ఓపిక పని. నోటి కండను క్షారంలో కరిగిస్తే పళ్లున్న సన్నటి పట్టీ ఒకటి మిగులుతుంది. దాన్ని గాజుపలక మీద పరిచి వరసలు లెక్కపెట్టాలి, ఒక్కో పంటికి ఎన్ని మొనలున్నాయో చూడాలి. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా గౌరవం ఈ పని మీదే.

ఈ నత్తలు స్పంజికల్ని తిని వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. వాటి రంగే చేపలకు హెచ్చరిక. ఒక రంగుకు చేపలు జడిశాయంటే, అదే రంగున్న వేరే వంశపు నత్తలకూ రక్షణే. అందుకే చుట్టరికం లేనివీ ఒకేలా కనిపిస్తాయి.

2012లో శాస్త్రవేత్తలు రెబెకా జాన్సన్, టెరెన్స్ గోస్లినర్ ఈ నత్తల జన్యువులు పోల్చి చూస్తే క్రోమోడోరిస్ అనే పెద్ద ప్రజాతి ఒకే వంశం కాదని తేలింది. అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ జాతులు ఫెలిమిడాలోకి వెళ్లాయి. ఇంకా చాలావాటికి 1866లో పీస్ అనే ఆయన పెట్టిన గోనియోబ్రాంకస్ పేరు తిరిగొచ్చింది. మన ఇంటిపేరులాగే ప్రజాతి పేరూ ముందుంటుంది, అది చుట్టరికాన్ని చెప్పాలి. అలవాటైన పేరు పోయిందని బాధపడేవాళ్లున్నారు. నేను మాత్రం మార్పు వైపే. తప్పని తెలిశాక పాత పేరే రాస్తూ పోతే ఆ పేరుకు అర్థమేముంది?

2018లో ఇదే కుటుంబంలోని హిప్సెలోడోరిస్ ప్రజాతిలో 17 కొత్త జాతుల్ని వర్ణించారు. వాటిలో ఇబా అనే జాతి నత్తలు రెండు జతకూడుతుండగా తీసిన ఫొటో ఉంది. ఒకటి ఊదా, రెండోది మీగడ రంగు. రెండూ ఒకే జాతి అని డీఎన్ఏ తేల్చింది.