దేవకీదేవికి మన్ను ఎవరు తెచ్చిచ్చారు?

రాత్రి పదిన్నరకి ఇల్లంతా నిద్రపోయాక, గోడకి ఆనుకుని కూర్చుని భాగవతం చదువుకునే ఇల్లాలిని చూస్తే ఎవరైనా మహా భక్తురాలనుకుంటారు. నేను భక్తితో చదవలేదు. పడుకుంటే గుండెల్లో మంట. నిప్పుకణిక ఏదో పొట్టలోంచి గొంతుదాకా పాకి వచ్చి, అక్కడ కాసేపు కూర్చుని, మళ్ళీ వెనక్కి వెళ్ళేది. అంచేత నేనూ కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక ఇంట్లో వున్న లావుపాటి పుస్తకం ఒకటి తీశాను. అది పోతన గారి దశమ స్కంధం కావడం నా అదృష్టం. మావారు లెక్కల మాస్టారు గనక బీజగణితమైనా అయివుండేది.

ఇది 1981 నాటి మాట. వూరు రఘునాథపల్లి. కాజీపేట నుంచి సికిందరాబాదు పోయే రైలు దారిలో జనగామకి ముందు వస్తుంది. అప్పుడది వరంగల్లు జిల్లా. 2016లో జనగామ జిల్లాలో చేరింది. మా పుట్టిల్లు తెనాలి వైపు. నాకు ఐదో నెల. మా అమ్మ కార్డుముక్క మీద "కడుపు చలవకి చలిమిడి చేసి పంపుతాను" అని రాసేది గాని, ఆ చలిమిడి తెనాలి నుంచి రఘునాథపల్లి చేరేసరికి దాని చలవ ఎంత మిగులుతుందో మీరే ఆలోచించండి.

పోతన గారిది బమ్మెర. ఆ వూరు కూడా ఇప్పుడు ఈ జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో వుంది. ఒక విధంగా మేమిద్దరం ఆ ప్రాంతం వాళ్ళమే అనుకుని ధైర్యంగా పేజీలు తిప్పాను. తిప్పగా తిప్పగా దేవకీదేవి గర్భం దాల్చిన ఘట్టం వచ్చింది. అక్కడ ఒక సీసపద్యం వుంది. తెలిసినవాళ్ళకి గుర్తొచ్చే వుంటుంది. కడుపుతో వున్న దేవకి ఒంట్లో కనిపించే గుర్తులన్నిటినీ వరుసగా చెబుతూ, ఒక్కొక్క గుర్తుకీ శత్రువులకి పట్టబోయే గతిని ముడిపెట్టాడు కవి. కంసుడి పక్షం వాళ్ళ ముఖాలు పాలిపోయే రోజు వచ్చింది గనక ఈమె ముఖం పాలిపోయింది. వాళ్ళకి ఆహారం మీద ఆశ చచ్చిపోతుంది గనక ఈమెకి అన్నం సహించడం మానేసింది. వాళ్ళకి అలసట రానున్నది గనక ఈమె అలిసింది. చివరికి, శత్రువులు మట్టిలో కలవబోతున్నారు గనక ఈమెకి మన్ను రుచి అయింది!

చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఆ పూట పొద్దున్నే నేను మన్ను తిన్నాను.

తొలకరి పడి నాలుగు రోజులైంది. పెరటి గోడ సగం మట్టిది, పైన సున్నం. వాన వెలిశాక ఆ గోడ దగ్గర ఒక వాసన వచ్చేది. మల్లెపూలు, సంపెంగలు, సెంటు సీసాలు అన్నీ దాని ముందు దిగదుడుపే. నాలుగు రోజులు వాసన మాత్రమే చూశాను. ఐదో రోజు గోటితో కొంచెం గీకి నాలిక మీద వేసుకున్నాను. బి.ఏ. ప్యాసయిన దాన్ని, లెక్కల మాస్టారి భార్యని, గోడ తింటున్నాను! సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మళ్ళీ తిన్నాను.

పక్కింటి అవ్వ చూసేసింది. పరువు పోయిందనుకున్నాను. ఆవిడ గోడ మీద చెయ్యి వేసి, "ఏంది బిడ్డా, గోడ గీకుతున్నవా? సిగ్గెందుకు? నేను నలుగురు పిల్లలకు నాలుగు గోడలు తిన్న" అంది. తరవాత గొంతు తగ్గించి, "గని నర్సమ్మకు చెప్పు. దాచుకోకు" అంది.

నర్సమ్మ నన్నేమీ అడగలేదు. బొటనవేలితో నా కంటి కింది రెప్పని లాగి చూసి, "తెల్లగున్నది, నెత్తురు లేదు" అని ఇనుప బిళ్ళలు ఇచ్చింది. ఒంట్లో ఇనుము తక్కువైన వాళ్ళకి మట్టి, బలపం, సున్నం, పచ్చి బియ్యం, ఐసుముక్కల మీదికి మనసు పోవడం తరచుగా కనిపించేదేనని డాక్టర్లు చెబుతారు. మన్ను తినడంవల్ల కడుపులో పురుగులు చేరడం, మట్టిలో సీసంలాంటి విషాలుంటే అవి బిడ్డకి చేరడం వేరే బాధ. అంచేత నాకు మన్ను రుచించడానికి కారణం కంసుడు కాడు. నా రక్తం.

ఇక్కడే నాకు పోతన గారితో తగువు మొదలైంది. అంత పెద్ద కవితో తగవు పడటానికి నేనెంతదాన్ని? కాని రాత్రిళ్ళు నిద్రపట్టని మనిషికి ఎవరితోనైనా తగవు కావాలి, మావారు నిద్రపోతున్నారు. ఆ పద్యంలో ప్రతి పాదమూ శత్రువులతో మొదలై దేవకితో ముగుస్తుంది. ఆమె ఒళ్ళు అద్దంలా వుంది. అందులో కంసుడి భవిష్యత్తు కనబడుతుంది. అద్దానికి ఎలా వుందో ఎవరూ అడగరు. పైగా ఆమె వుండేది చెరలో. కాళ్ళకి సంకెళ్ళు. మన్ను రుచి అయింది సరే, మన్ను ఎవరు తెచ్చిచ్చారు? చెరసాల నేల గోటితో గీక్కుందా? ఇంకొకటి కూడా చూడండి. అది ఆమెకి ఎనిమిదో కడుపు. మొదటి ఆరుగురినీ పుట్టగానే కంసుడు పొట్టన పెట్టుకున్నాడు; ఏడో గర్భం రోహిణికి మారింది. ఆ ఆరుసార్లూ ఆమెకి వేవిళ్ళు లేవా? చింతకాయ కావాలనిపించలేదా? ఆ ఆరుగురి వేవిళ్ళకీ ఒక్క సీసం లేదు. దేవుడు కడుపున పడ్డప్పుడే తల్లి నోటి రుచికి కవి ముందు విలువ వచ్చింది.

ఇంత అన్నాక నా కోపం నాకే కొంచెం అన్యాయమనిపించింది. పోతన గారు అరక పట్టి బతికిన వారని లోకం చెప్పుకుంటుంది. ముఖం పాలిపోవడం, అన్నం సయించకపోవడం, ఒళ్ళు బద్ధకం, మన్ను మీద మమకారం, ఇవన్నీ ఆయన ఇంట్లో ఎవరినో చూసే వుంటాడు. సంస్కృత కావ్యాల్లో గర్భిణి లక్షణాల వర్ణన పాతదే. అయినా విష్ణుమూర్తిని మోస్తున్న తల్లికి మన్ను తినాలనిపించిందని రాయడానికి సంకోచపడలేదు. తరవాత ఆ బిడ్డడే మన్ను తిని యశోదతో చీవాట్లు తిన్నాడు. తల్లి రుచి బిడ్డకి వచ్చిందని మా అవ్వ అయితే తేల్చేసేది.

కాళిదాసు సంగతికి వద్దాం. రఘువంశం మూడో సర్గలో సుదక్షిణాదేవి గర్భవతి. ఆవిడా మన్ను తింది. దిలీప మహారాజు ఏకాంతంలో ఆమె నోటి దగ్గర ముఖం పెట్టి ఆ మట్టి వాసన చూసి తనివి తీరలేదన్నాడు కవి. పుట్టబోయే కొడుకు భూమినంతా ఏలుతాడు గనక తల్లి ముందుగా భూమినే కోరుకుందట! మళ్ళీ కొడుకే. మళ్ళీ రాజ్యమే. అయినా నాకు దిలీపుడు నచ్చాడు. ఆవిడ సిగ్గుపడి తనకేం కావాలో చెప్పడం లేదని, చెలికత్తెలని పిలిచి మాటిమాటికీ అడిగాడట, ఆమెకి దేని మీద మనసుగా వుందో చెప్పండని. మహారాజు అయివుండి అడిగాడు! ఆ పేజీ దగ్గర గుర్తు పెట్టి పుస్తకాన్ని మావారి దిండు పక్కన వుంచాను. మర్నాడు ఆయన గుర్తు తీసేసి పుస్తకం జాగ్రత్తగా అలమార్లో సర్దారు.

అడగడం మంచిదేగా అంటారా? అడిగితే ఏమైందో సీతమ్మని అడగండి. ఉత్తరకాండలో రాముడు గర్భవతి అయిన సీతని "నీకేం కోరిక వుంది?" అని ప్రేమగానే అడిగాడు. గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలనుందని, ఒక్క రాత్రయినా అక్కడ వుండాలనుందని చెప్పింది. సరేనన్నాడు. ఆ వెంటనే లోకాపవాదు చెవిని పడింది. ఆ కోరికనే సాకుగా పెట్టి, ఆశ్రమాలు చూపిస్తానని లక్ష్మణుడు రథం ఎక్కించి తీసుకుపోయి అడవిలో దింపేశాడు. భవభూతి ఉత్తరరామచరితంలో అయితే చిత్రపటాలు చూస్తూండగా ఆ కోరిక పుడుతుంది. అక్కడ మన గుండె ఇంకా బరువెక్కుతుంది. వేవిళ్ళ కోరికల మీద ఇంతకంటే భయంకరమైన కథ మన సాహిత్యంలో నాకు తెలియదు. ఆవిడ అడిగింది ఒక షికారు, అంతే.

వైద్యశాస్త్రం మాత్రం వెనకబడిందా? సుశ్రుతుడు నాలుగో నెలలో బిడ్డ గుండె తేటపడుతుందనీ, తల్లిలో అప్పుడు రెండు హృదయాలుంటాయనీ, ఆమె కోరిక బిడ్డ కోరికేననీ, తీర్చకపోతే అవకరంతో పుడతాడనీ చెప్పాడు. ఒక పక్క చూస్తే దయగల మాట. ఆ మాట పట్టుకుని కోడలికి ఇష్టమైనది వండిపెట్టిన ఇళ్ళెన్నో. ఇంకో పక్క చూస్తే, కోరిక ఆమెది కాదు, బిడ్డది అని తేల్చేయడం. పిల్లవాడికి ఏ లోపమున్నా "కడుపుతో వున్నప్పుడు ఏం తిన్నావో" అని తల్లినే బోనెక్కించే అలవాటు నేటికీ పోలేదు. ఈ గర్భిణి కోరికనే దోహదం అన్నారు. స్త్రీ కాలితో తాకితే అశోకం పూస్తుందని కవులు చెట్లకి కూడా అంటగట్టారు. అక్కడినుంచి నడిచి నడిచి ఆ మాట ఇవాళ "దేశాభివృద్ధికి దోహదం చేస్తుంది" అని వార్తల్లో వచ్చి కూర్చుంది. వార్తలు చదివే అమ్మాయికి అది ఒకప్పటి చింతకాయ ఆశ అని తెలుసో లేదో!

మన సినిమాల సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. హీరోయిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తుతుంది, మామిడికాయ కొరుకుతుంది, అత్తగారు మురిసిపోతుంది, పాట. పాట అయిపోయేసరికి బిడ్డ. మధ్యలో వుండే ఐదారు నెలలు, మంచం మీద కూర్చుని తెల్లవార్లూ పుల్లటి తేన్పులు మింగే ఆ నెలలు, ఏ దర్శకుడికీ పట్టలేదు. ఆ రాత్రులు మన కావ్యాల్లోనూ నాకు దొరకలేదు. మగ కవులు దూరం నుంచి చూసి రాయగలిగింది పాలిపోయిన ముఖాన్నే. గొంతులో మంట పైకి కనబడదు.

ఆడవాళ్ళు కట్టుకున్న పాటల్లో తీరు వేరు. మన స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్ళు వున్నాయి, నొప్పులు వున్నాయి, పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని ప్రసవించడం వుంది. 1991లో వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటల మీద ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి పండితుల దృష్టికి తెచ్చారు. మా అమ్మమ్మ చదవకుండానే పాడేది. యజ్ఞ పాయసం తాగి మహావిష్ణువుని కన్న తల్లి కూడా ఆ పాటల్లో మన వీధి ఆడదే.

మళ్ళీ నా మంట దగ్గరికి వస్తాను. అవ్వ ఏమందంటే, "బిడ్డకు ఎంటికలు మొలుస్తున్నయి, అందుకే మంట." నేను నవ్వాను. కాని 2006లో అమెరికాలోని బాల్టిమోరులో 64 మంది గర్భిణుల మీద చేసిన పరిశీలన ఒకటి అచ్చయింది. మంట ఎక్కువున్న తల్లుల పిల్లలకి జుట్టు కూడా ఎక్కువే వుందని తేలి, పరిశీలించినవాళ్ళే ఆశ్చర్యపోయారు. మా అమ్మాయి మాత్రం గుండ్రాయిలా పుట్టింది. అసలు సంగతి ఏమిటంటే, గర్భం నిలబెట్టే ప్రొజెస్టరోన్ అనే హార్మోను అన్నకోశం పైనుండే మూతిని కూడా వదులు చేస్తుంది. పెరిగే గర్భసంచి కిందినుంచి నెడుతుంది. పులుపు పైకి ఎగదన్నుతుంది. నాకప్పుడు ఇదేం తెలియదు. అన్నంలోకి పచ్చిపులుసు పోసుకుని, పైన మిరపకాయ నంజుకుని, తిన్న వెంటనే నడుం వాల్చేదాన్ని! నోరు కోరింది గొంతు ఒప్పుకునేది కాదు. వేవిళ్ళలో వున్న అసలు తిరకాసు ఇదే. చింతపండు కావాలి, చింతపండు పడదు.

చివరికి పనికొచ్చినవి చిన్న సంగతులు. రాత్రి భోజనం ఏడింటికే ముగించి, రెండు మూడు గంటలైనా గడవనిచ్చి పడుకోవడం. ఒకేసారి పళ్ళెం నిండా కాకుండా కొంచెం కొంచెం తినడం. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టడం. ఎడమవైపు తిరిగి పడుకోవడం. ఇటుకలు అవ్వ మోసుకొచ్చింది. సోడా ఉప్పు కలుపుకు తాగమని సలహా ఇచ్చినవాళ్ళూ వున్నారు. తాగకండి, అందులో సోడియం ఎక్కువ. మంటకి డాక్టరు మందిస్తే దాన్నీ ఇనుప బిళ్ళనీ ఒకేసారి మింగవద్దు, రెండూ కలిస్తే ఇనుము సరిగా ఒంటబట్టదు. టీతోనూ అంతే. బిళ్ళకి నిమ్మరసం మంచి తోడు. ఇంకొక్క మాట. నెలలు నిండుతున్నప్పుడు పక్కటెముకల కింద గట్టి నొప్పి, వదలని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం చేతులు వాపు, వీటిలో ఏది కనబడినా మంటేలే అని మజ్జిగ తాగుతూ కూర్చోకండి. రక్తపు పోటు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు కాలం మారింది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరిట తెలంగాణా అంగన్‌వాడీల్లో గర్భిణులకి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడం మొదలుపెట్టారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత అని తేలింది. అంటే సగానికి సగం మంది కింది రెప్పలు తెల్లగానే వున్నాయి. వాళ్ళలో ఎంతమంది గోడ దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తున్నారో!

పోయిన వారం మా అమ్మాయి, అదే ఆ గుండ్రాయి, ఫోను చేసింది. చిన్నవయసు కాదు, ఆలస్యంగా పెళ్ళి చేసుకుంది, నలభై దాటాక ఇప్పుడు నాలుగో నెల. అన్నం ఎలా సయిస్తోంది, మంట వుందా, డాక్టరు ఏమంది, అన్నీ అయ్యాయి. ఇక పెట్టేస్తాననుకుంటూండగా ఆగి, "అమ్మా, ఒకటి చెప్తే నవ్వకూడదు" అంది.

"నవ్వను."

"మీ అల్లుడుగారికి చెప్పకూడదు."

"చెప్పను. ఏమిటి?"

కాసేపు ఏమీ వినబడలేదు. తరవాత చాలా చిన్నగా, "బలపం" అంది.

"రేపు పొద్దున్నే రక్తపరీక్ష చేయించుకో" అన్నాను. ఆ తరవాత వుండబట్టలేక, "తెల్లదా, నల్లదా?" అని అడిగాను.