మంచం దగ్గర మనిషి

కోడూరులో పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయిన ఇళ్లలో మంచాన పడ్డ పెద్దవాళ్లకు ఆయానే దిక్కు. నాకు ఆ పని మీద చాలా గౌరవం.

పక్షవాతం వచ్చి కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మంచి ఆయా ఒళ్లు తుడుస్తూనే చర్మం ఎక్కడ ఎర్రబడిందో కనిపెడుతుంది. పొలమారకుండా తల ఎత్తి కూర్చోబెట్టాకే ముద్ద పెడుతుంది. తొందరపెట్టదు. మింగేదాకా ఆగుతుంది. ఇది కూడా వైద్యమే.

ఎవరిని పెట్టుకోవాలన్నది రోగి అవసరాన్ని బట్టి చూసుకోవాలి. వంటకీ తోడుకీ అయితే నమ్మకమైన మనిషి చాలు. ముక్కులో గొట్టం, మూత్రపు గొట్టం ఉంటే శిక్షణ పొందిన నర్సు రావాలి. ఆ భారం ఆయా మీద వేయకూడదు. రాత్రిళ్లు లేవాల్సి వస్తే రాత్రికి వేరే మనిషి ఉండాలి.

పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. పేదింటికి అది పెద్ద ఆసరా. ఆయాను పెట్టుకోగలిగినవాళ్లు జీతం మాట్లాడేటప్పుడే వారానికో సెలవు కూడా మాట్లాడండి. ఆమె ఇంట్లోనూ మంచాన పడ్డ అత్తగారు ఉండొచ్చు.