మణికట్టు దగ్గర నాడి

దెబ్బ తగిలిన పిల్లల్లో పెద్ద రక్తనాళం తెగడం గాని, నలిగి మూసుకుపోవడం గాని అరుదు. అరుదైనది కాబట్టే అది తరచుగా కంటపడకుండా పోతుంది: ఏడుస్తున్న పిల్లను ఎత్తుకొచ్చిన తల్లిదండ్రుల చూపూ, మొదట పరీక్షించిన వైద్యుడి చూపూ వంకర తిరిగిన మోచేతి మీదే నిలిచిపోయి, ఆ చేతి చివర ఉన్న వేళ్ల దాకా వెళ్లవు. రక్తనాళ గాయాల వైద్యంలో నైపుణ్యమంతా సన్నని దారంతో కుట్టడంలోనే ఉందన్న భావన లోకంలో ఉన్నది గాని, పిల్లల విషయంలో ఆ కుట్టు కంటే ముందు రావలసిన నైపుణ్యం ఒకటుంది. అది వేళ్లను చూడడం, ఒకసారి చూసి ఊరుకోకుండా గంట గంటకూ మళ్లీ చూడడం.

పిల్లల్లో మోచేతి దగ్గర అన్నిటికంటే ఎక్కువగా విరిగేది భుజపుటెముక కింది కొస. అయిదు నుంచి ఏడేళ్ల వయసు పిల్లలు చెట్టు కొమ్మ మీద నుంచో డాబా మెట్ల మీద నుంచో పడుతూ అరచెయ్యి నేలకు ఆనించినప్పుడు, శరీరం బరువంతా చాచిన చేతి మీదకు వచ్చి, కీలుకు కాస్త పైన, ఎముక పలచగా ఉండే చోట అది విరుగుతుంది. విరుపు తీవ్రతను బట్టి దీనిని మూడు తరగతులుగా విడదీసే పద్ధతిని 1959లో గార్ట్‌లాండ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు ప్రతిపాదించాడు. ముక్కలు పూర్తిగా విడిపోయి పక్కకు జరిగిన మూడో తరగతిలోనే రక్తనాళానికి ముప్పు ఎక్కువ. పై ముక్క మొన ముందుకు పొడుచుకు వచ్చే చోటనే బాహుధమని, అంటే ముంజేతికీ వేళ్లకూ నెత్తురు మోసుకుపోయే ప్రధాన నాళం, వేళ్లను కదిలించే ముఖ్యమైన నరం ఒకదానితో జంటగా సాగుతుంది. ఆ మొన తగిలిన నాళం కొన్నిసార్లు మడత పడుతుంది, కొన్నిసార్లు భయపడ్డట్టుగా ముడుచుకుంటుంది, కొన్నిసార్లు ఎముక ముక్కల మధ్య ఇరుక్కుంటుంది. పైకి చెక్కుచెదరనట్టు కనిపిస్తూనే లోపలి పొర చిరిగి, ఆ చిరుగు మీద నెత్తురు గడ్డకట్టడమూ ఉంది.

ఇటువంటి చేతిలో మణికట్టు దగ్గర నాడి దొరకదు. అయితే నాడి లేని చేతులన్నీ ఒకటి కావు. మోచేతి చుట్టూ అల్లుకున్న చిన్న చిన్న నాళాలు పక్కదారిలో నెత్తురు అందిస్తున్నంత కాలం చెయ్యి వెచ్చగా, గులాబీ రంగులో ఉంటుంది. వేలిగోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి వస్తుంది. ఆ పక్కదారులు కూడా చాలనప్పుడు చెయ్యి పాలిపోయి చల్లబడుతుంది. రెండు సందర్భాల్లోనూ మొదటి పని ఒకటే: పిల్లకు మత్తు ఇచ్చి, ఎముకను సరిచేసి, రెండు మూడు సన్నని తీగలతో నిలబెట్టడం. చాలామంది పిల్లల్లో ఎముక సర్దుకోగానే నాడి కూడా తిరిగి వస్తుంది. పాలిపోయిన చెయ్యి పాలిపోయినట్టే ఉంటే ఆలస్యం చేయకుండా మోచేతి మడతను తెరిచి నాళాన్ని చూడాలి. అక్కడ ఏ చోట దెబ్బ తగిలిందో ఎక్స్‌రే చెప్పకనే చెబుతుంది గనుక రక్తనాళాల ప్రత్యేక చిత్రాల కోసం గంటలు పోగొట్టుకోనవసరం లేదు. గులాబీ రంగు చేతిలో నాడి మాత్రం రానప్పుడు ఏమి చేయాలన్న దాని మీద శస్త్రవైద్యుల మధ్య వాదన ఇంకా తెగలేదు. వెంటనే తెరిచేవారూ ఉన్నారు, ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూసేవారు అంతకంటే ఎక్కువ. కనిపెట్టి చూడడమే సబబుగా తోస్తుంది గాని, రాత్రివేళ గంటకొకసారి ఆ వేళ్లను తాకి చూసే మనిషి లేని వార్డులో ఆ మాటకు అర్థం లేదు.

నాడితో పాటు నరం కూడా దెబ్బతిన్నదేమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బొటనవేలినీ చూపుడువేలినీ కొసలు కలిపి సున్నా చుట్టమని పిల్లను అడగాలి. రెండు వేళ్లూ వంగి గుండ్రని సున్నా ఏర్పడితే ఆ నరం శాఖ పనిచేస్తున్నట్టు. కొసలు వంగక వేళ్లు చదునుగా అతుక్కుంటే పనిచేయనట్టు. నాడి లేకపోవడమూ, ఈ సున్నా కుదరకపోవడమూ రెండూ కలిసి కనిపించిన చోట నరమూ నాళమూ ఎముకల మధ్య ఇరుక్కుని ఉండే అవకాశం ఎక్కువ కనుక, చెయ్యి గులాబీ రంగులో ఉన్నా తెరిచి చూడడం వైపే మొగ్గాలి.

అయిదారేళ్ల పిల్ల బాహుధమని రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుకు మించదు; పట్టకారు సోకితే చాలు, మరింత ముడుచుకుంటుంది. అందుకని మొదట గోరువెచ్చని సెలైన్‌తో తడిపి, నాళపు గోడను వదులుచేసే పాపావరిన్ మందు చుక్కలు వేసి, కాసేపు చేతులు కట్టుకుని ఆగాలి. ఆ ఆగడం వల్లనే నాళం తెరుచుకుని, కుట్టే అవసరం తప్పిన సందర్భాలున్నాయి. కుట్టక తప్పనప్పుడు నలిగిన కొసలను నిగనిగలాడే లోపలి పొర కనిపించేదాకా కత్తిరించి, మధ్య ఎడం పూడ్చడానికి పిల్ల కాలి నుంచి కొంచెం సిరను తీసి, సిరలోని కవాటాలు నెత్తురుకు అడ్డం రాకుండా తలకిందులు చేసి అతుకుతారు. పెద్దవారికి వాడే కృత్రిమ గొట్టాలు ఇంత సన్నని నాళంలో నిలవవు, పిల్లతో పాటు పెరగవు. ఇదే కారణంగా చుట్టూ ఒకే దారంతో గొలుసుకట్టుగా కుట్టడం కూడా పనికిరాదు. పెరిగే నాళాన్ని ఆ దారం సంచి మూతి తాడులా బిగించేస్తుంది కాబట్టి విడివిడిగా ముళ్లు వేసుకుంటూ పోవాలి. గుండ్రని నాళపు మూతికి మూడు చోట్ల దారాలు వేసి, లాగి త్రికోణంగా మార్చి, ఆ తిన్నని అంచుల వెంట కుట్టే విద్యను 1902లో లోకానికి తెలిపిన అలెక్సిస్ కారెల్ సన్నని సూదిపని నేర్చుకున్నది ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఎంబ్రాయిడరీ చేసే ఒక స్త్రీ దగ్గర. ఆయనకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గౌరవంలో ఆమె వేళ్లకూ వాటా ఉంది.

నాళం బాగుపడినా ఆపద పూర్తిగా తొలగదు. నెత్తురు అందక అలసిన కండరాలు, నెత్తురు తిరిగి వచ్చినప్పుడు ఉబ్బుతాయి. ముంజేతి కండరాలు సాగని గట్టి పొరల మధ్య అరలలో ఉంటాయి గనుక, ఆ ఉబ్బు బయటకు పోలేక లోపలి నాళాలనే నొక్కేస్తుంది. సుమారు ఆరు గంటలు దాటితే కండరం చచ్చి, క్రమంగా నారలా కుంచించుకుపోయి, వేళ్లు గద్దగోళ్లలా వంగి మిగిలిపోతాయి. ఈ వైకల్యాన్ని 1881లో వివరించిన జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ దానికి కారణం బిగువైన కట్లేనని చెప్పాడు.

ఆ హెచ్చరిక తెలుగునాట ప్రత్యేకంగా వినవలసినది. పుత్తూరు కట్టు పేరు దేశమంతటా తెలిసిన ఈ నేలలో ఎముక విరిగితే కట్టు కట్టేవారి దగ్గరకు పోవడం తరాలుగా వస్తున్న నమ్మకం, మామూలు విరుపుల్లో ఆ నమ్మకం ఫలించడమూ ఉంది. అయితే వాచిన మోచేతిని బలవంతంగా మడిచి, వెదురు బద్దలతో గాని సిమెంటు కట్టుతో గాని చుట్టూ బిగించినప్పుడు ప్రమాదం ఒకటే. నాటు కట్టు, ఆసుపత్రి కట్టు అన్న తేడా నెత్తురుకు లేదు. ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు చేతిని కొద్దిగా మాత్రమే వంచి, అట్టముక్క మీద వదులుగా ఆనించి ఉంచాలి. గాయం నుంచి నెత్తురు చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డతో నేరుగా గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయాలి. పదిహేను కిలోల పిల్ల ఒంట్లో ఉండే నెత్తురు మొత్తం లీటరుకు కాస్త పైమాటే, పైగా నాలుగో వంతు పోయేదాకా రక్తపోటు నిలకడగా కనిపించి తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది.

కట్టు కట్టించుకుని ఇంటికి తెచ్చుకున్న రాత్రి తల్లిదండ్రులు చేయవలసిన పని ఒకటుంది. మందు వేసినా నొప్పి పెరుగుతూ, పిల్ల నిద్రపోక, ఊరుకోబెట్టినా ఊరుకోక గింజుకుంటుంటే, మారాం అనుకోకుండా దీపం వేసి ఆ చేతి వేళ్లను చూడండి, ఒక్కొక్కటిగా మెల్లగా చాపండి. చాపినప్పుడు పిల్ల కెవ్వుమంటే కట్టు విప్పించండి, తెల్లవారేదాకా ఆగవద్దు.